“ఇది వినండి, ఎవరికీ ఇవ్వకండి” (టీకా తాత్పర్య సహితము)

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మన మెదక్ సీమవాడే. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య మొదలుపెడుతూ, ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని రెండు ప్రతిజ్ఞలు చేశాడు. మొదటిదాన్ని తర్వాతివాళ్ళు కూడా కొంతవరకు పాటించారు. రెండోదాని గతి ఏమైందో వావిళ్ళవారి పాత ప్రతులు తిరగేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పైన పద్యం నాలుగు పాదాలు, కింద సన్నటి అక్షరాల్లో టీక ఒకటిన్నర పుట. ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం, విశేషం. ఇంకా కాగితం మిగిలితే శంక, సమాధానం.

కావ్యాలకు ఇంత వైభవం జరిగింది. అంతకంటే ఎక్కువ శ్రద్ధగా పలికే ఒక గద్యానికి మాత్రం ఇంతవరకు టీక లేదు. కర్ణాటక సంగీతం పిచ్చి ఉన్న ఒక పెద్దమనిషి, అదే పిచ్చి ఉన్న ఇంకో పెద్దమనిషి చేతిలో ఒక రికార్డింగు పెడుతూ పలికే నాలుగు వాక్యాలవి. ఇళ్ళలోకి టేప్ రికార్డర్లు వచ్చిన నాటి నుంచి విజయవాడ సత్యనారాయణపురంలో, కాకినాడలో, విజయనగరంలో, హైదరాబాదు చిక్కడపల్లిలో, ఆనక న్యూజెర్సీలో కూడా ఇవే మాటలు ఇదే వరసలో వినిపిస్తున్నాయి. కర్త ఎవరో తెలియదు గనక వేదంలాగా అపౌరుషేయం అనవచ్చు. ఆడవాళ్ళు రికార్డింగు ఇచ్చేసి ఊరుకుంటారు, ఈ ఉపన్యాసమంతా మగవాళ్ళదే గనక శుద్ధ పౌరుషేయం అనే వాదమూ ఉంది.

మూలము

“ఇది వినండి. ఇలాంటి తోడి మళ్ళీ పుట్టదు. మీ దగ్గరున్నదానికంటే ఇది శుభ్రమైన కాపీ. ఎవరికీ ఇవ్వకండి.”

ఛందస్సు: వచనం. రసం: పైకి అద్భుతం, లోపల వీరం. యతిస్థానం: మూడో వాక్యానికి ముందు. అక్కడ ఇచ్చేవాడు ఒక్క క్షణం ఆగి, పుచ్చుకునేవాడి మొహం చూస్తాడు.

ప్రథమ వాక్యము: ఇది వినండి

ఇది = ఇంకా నా చేతిలోనే ఉన్న ఈ వస్తువు; వినండి = ఆలకింపుడు. వాక్యం చిన్నది. ఇందులోని ‘ఇది’ మాత్రం కాలాన్ని బట్టి రూపాలు మార్చుకుంటూ వచ్చింది. ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893–1964) వయొలిన్ ఊరూరా మోగుతున్న రోజుల్లో అది లక్క ప్లేటు. నిమిషానికి 78 చుట్లు, పది అంగుళాల ప్లేటుకు పక్కకు మూడు నిమిషాలు. రాగం ఎత్తుకోవడం, విస్తరించడం, దించడం అన్నీ ఆ మూడు నిమిషాల్లోనే. కిందపడితే పగిలేది గనక ప్లేటును చేతికి ఇచ్చేవాళ్ళు కారు. మనిషినే ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, వినిపించి పంపేవాళ్ళు. తర్వాత స్పూలు వచ్చింది. దాని యంత్రం మోయడానికి ఇద్దరు కావాలి, కొనడానికి ఆస్తి కావాలి. 1963లో ఫిలిప్స్ వాళ్ళు క్యాసెట్టును బయటపెట్టారు. అది మన ఊళ్ళకు చేరేసరికి ‘ఇది’ చొక్కా జేబులో పట్టేంత అయింది. సంగీతం చేతులు మారడం అసలు అక్కడ మొదలు.

ఇప్పుడు ‘ఇది’ ఒక హార్డ్ డిస్కు. మామూలు నాణ్యత ఎంపీత్రీ నిమిషానికి ఒక మెగాబైటు లెక్కన, ఒక టెరాబైటు డిస్కులో 17 వేల గంటల సంగీతం పడుతుంది. స్నానం, భోజనం, నిద్ర మానేసి వింటే రెండేళ్ళకు కాస్త తక్కువ. ఆ డిస్కును చేతిలో పెట్టి కూడా పెద్దమనిషి ఏకవచనంలో ‘ఇది వినండి’ అనే అంటాడు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు.

‘వినండి’ అన్నది విధి. అయితే మీ ఇంటికి పోయి తీరిగ్గా వినండి అని దీని అర్థం కాదు. ఇక్కడ, ఇప్పుడు, నేను చూస్తుండగా వినండి అని. పుచ్చుకునేవాడు కుర్చీలో కూర్చుంటాడు. ఇచ్చేవాడు కూర్చోడు. ఆయనకు రికార్డింగు కంఠతా వచ్చు గనక యంత్రం వైపు చూడడు. ఎదుటివాడి కనుబొమల మీద దృష్టి. నాలుగో నిమిషంలో చూపుడువేలు లేస్తుంది. “వస్తోంది... వస్తోంది...” సంగతి వచ్చి వెళ్ళిపోతుంది. పుచ్చుకునేవాడు సరైన క్షణంలో “ఆహా” అంటే సరే. అర సెకను ముందు అన్నాడో, ఇంతకుముందే విన్నాడన్నమాట, ఇచ్చేవాడి ఉత్సాహం చప్పున పడిపోతుంది. ఆలస్యంగా అన్నాడో, వాడికి సంగీతం రాదు. అసలు అనకపోతే టేపు వెనక్కి తిరుగుతుంది. ఈ విధికి లోబడి పాపం ఒకే సంగతిని మూడేసి సార్లు విన్నవాళ్ళున్నారు.

ద్వితీయ వాక్యము: ఇలాంటి తోడి మళ్ళీ పుట్టదు

తోడి = ఎనిమిదో మేళకర్త హనుమత్తోడి. హిందూస్తానీ తోడి ఇక్కడ గ్రాహ్యం కాదు. అది మన శుభపంతువరాళికి దగ్గర చుట్టం. మన తోడి స్వరాలు కావాలంటే వాళ్ళ భైరవిలో వెతుక్కోవాలి. ఈ భేదం చెప్పకపోతే ప్రమాదం. బడే గులామలీఖాన్ 1968లో కన్నుమూసింది హైదరాబాదు బషీర్‌బాగ్‌లో. ఆయన్ని ఎదురుగా కూర్చుని విన్న తరం అక్కడ చాలాకాలం ఉంది. వాళ్ళతో తోడి అంటే ఏ తోడి అని అడగాల్సిందే.

మళ్ళీ పుట్టదు = మీమాంసకుల భాషలో ఇది అర్థవాదం. అంటే ప్రశంస కోసం చెప్పింది, అక్షరాలా తీసుకోకూడదు. ప్రమాణం ఏమంటే, ఇదే పెద్దమనిషి కిందటి నెల ఇంకొకరి తోడి గురించి ఇదే మాట అన్నాడు. అడిగితే, “అది వేరండీ, అది గాంధారం తోడి. ఇది ధైవతం తోడి” అంటాడు. పుట్టనివి రెండూ పుట్టినట్టే లెక్క.

తోడి చర్చను ఒక్క వేటుతో ముగించే రకం కూడా ఉంటారు. వాళ్ళు నాగస్వరం టి.ఎన్. రాజరత్నం పిళ్ళై (1898–1956) పేరెత్తి ఊరుకుంటారు. ఆయన తోడి తర్వాత గాత్రజ్ఞులందరూ ఆ బాటన నడిచినవాళ్ళేనని వాళ్ళ సిద్ధాంతం. దీనికి బదులు చెప్పడం కష్టం గనక, ఎదుటివాడు రాగం మార్చి కాంభోజికి వెళ్ళిపోతాడు.

తెలుగు రసికుల అసలు క్రీడ వేరే ఉంది. ఒకే గురువు, ఇద్దరు శిష్యులు. గురువు శ్రీపాద పినాకపాణి (1913–2013) వృత్తికి వైద్యుడు, కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడు. రోగుల్ని చూసిన చేత్తోనే కృతులకు స్వరలిపి రాసి, తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన ‘సంగీత సౌరభం’ నాలుగు సంపుటాలు ఇచ్చాడు. శిష్యుల్లో ఒకరు నేదునూరి కృష్ణమూర్తి (1927–2014), ఇంకొకరు వోలేటి వేంకటేశ్వర్లు (1928–1989). నేదునూరి పక్షం వాళ్ళు నిండుతనం గురించి మాట్లాడతారు: రాగం ఎక్కడా తొణక్కుండా, చెప్పదలచుకున్నది చెప్పి ఆపే తీరు. వోలేటి పక్షం వాళ్ళు మాట్లాడరు, క్యాసెట్టు పెడతారు. హిందూస్తానీ గాలి తగిలిన ఆ గొంతు తారస్థాయిలో ఎక్కడికో వెళ్ళి, తిరిగొచ్చి షడ్జం మీద వాలాక, “ఇప్పుడు చెప్పండి” అంటారు. ఇందులో గెలుపోటములు లేవు గానీ ఓడినవాడు మాత్రం ఎప్పుడూ ఉంటాడు. వాడే వచ్చే ఆదివారం ఇంకో క్యాసెట్టు పట్టుకొస్తాడు.

విశేషం: ప్రతి ఇంట్లోనూ ఉన్నదాన్ని ఎవరూ ఇచ్చిపుచ్చుకోరు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం 1963 నాటి రికార్డు. దాన్ని మించి విన్న కర్ణాటక గాత్రం తెలుగు దేశంలో లేదు. అయినా ఏ రసికుడూ దాన్ని జేబులోంచి తీసి ‘ఇది వినండి’ అనడు. దొరకనిదే రుచి. ఎం.ఎస్. విషయంలో కూడా అందరికీ దొరికే రికార్డు పక్కనపెట్టి, ఫలానా పెళ్ళిలో పాడిన ఫలానా కచేరీ అంటూ మొదలుపెడితే అప్పుడు కుర్చీలు దగ్గరికి జరుగుతాయి.

తృతీయ వాక్యము: మీ దగ్గరున్నదానికంటే ఇది శుభ్రమైన కాపీ

మొత్తం గద్యానికి ప్రాణం ఈ వాక్యంలో ఉంది. పై రెండూ దీనికి ఉపోద్ఘాతం.

మీ దగ్గరున్నది = మీరు ఇన్నాళ్ళూ గర్వపడుతున్నది. శుభ్రమైన = తల్లి ప్రతికి దగ్గరైన. కాపీ = అసలుది కాదని ఒప్పుకోలు. ఇంతటి యుద్ధంలోనూ ‘నాది అసలు’ అని ఎవరూ అనరు, గమనార్హం. అసలుది ఎప్పుడూ ఇంకెవరి దగ్గరో ఉంటుంది. ఆయన ఇవ్వడు.

కాపీకి కాపీ తీస్తే ప్రతిసారీ ఒక పొర బుసబుస చేరుతుంది. మూడు తరాలు దాటితే తంబూరా నీళ్ళ పంపు అవుతుంది. కాబట్టి ఎవరి ప్రతి ఎన్నో తరానిది అన్నది శాస్త్ర ప్రశ్న. దీన్ని తేల్చే పద్ధతి కొత్తదేమీ కాదు. కడపలో బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి తాటాకు ప్రతులు పక్కపక్కన పెట్టించి చదివించినప్పుడు పాటించిన న్యాయమే. రెండు ప్రతుల్లో ఒకే తప్పు ఒకే చోట ఉంటే రెండింటికీ తల్లి ఒకటి. ఇక్కడ తప్పంటే తెగిన చోటు. తొంభై నిమిషాల క్యాసెట్టు పక్కకు నలభై అయిదు నిమిషాలు. నెరవల్ మంచి పట్టులో ఉండగా పక్క అయిపోతుంది. రికార్డు చేస్తున్నవాడు చీకట్లో తడుముకుని తిప్పి పెట్టేలోపు ఒక ఆవర్తనమో రెండో గాలికి పోతాయి. విజయవాడ కాపీలోనూ, బెంగళూరు కాపీలోనూ నెరవల్ అదే అక్షరం మీద తెగితే రెండూ ఒకే చెయ్యి తిప్పిన క్యాసెట్టు పిల్లలు. ఒక కాపీలో ఆ పోయిన ఆవర్తనం ఉందంటే ఆ సభలో ఇంకో మూల ఇంకొకడు ఇంకో యంత్రంతో కూర్చున్నాడన్నమాట. అలాంటి రెండో సాక్షి దొరికిన రోజు ఈ వర్గంలో పండగ. రెండింటినీ అతికి పూర్తి నెరవల్ విన్నప్పటి వాళ్ళ మొహాలు చూడాలి.

టేపు పొదుపు కోసం కోతలూ ఉన్నాయి. తని ఆవర్తనం మొదలుకాగానే బొటనవేలు పాజ్ మీటకు పోయేది. అందుకని ఆ కాలపు మృదంగ విద్వాంసులు చాలా క్యాసెట్లలో మోహరా దగ్గర హఠాత్తుగా ప్రత్యక్షమవుతారు.

రేడియో నుంచి పట్టినవైతే వేరే శాఖ. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. 1952 నుంచి నేషనల్ ప్రోగ్రామ్ శనివారం రాత్రుళ్ళు కచేరీలు ఇంటికి తెచ్చింది. రేడియో ప్రతికి చప్పట్లు ఉండవు, దగ్గులు ఉండవు, పైగా అనౌన్సరు గొంతు దస్తావేజులాగా ముందే నిలబడుతుంది. వయొలిన్ అన్నవరపు రామస్వామి, మృదంగం దండమూడి రామమోహనరావు అని వినిపించగానే విజయవాడ జాడ దొరుకుతుంది. సంవత్సరం మాత్రం తేలదు. ఆ ఇద్దరూ దశాబ్దాల పాటు ఆ కేంద్రం కళాకారులే గనక వాళ్ళ పేర్లతో తేదీ తేల్చబోవడం, గోదావరి ఉంది గనక ఇది రాజమండ్రే అయ్యుండాలి అనడం లాంటిది.

శుభ్రతకు ఇంకో పరీక్ష శ్రుతి. ఇక్కడ పుచ్చుకునేవాడు మొదటిసారి ఎదురుతిరుగుతాడు.

“మీ కాపీలో ఆయన ఎంత శ్రుతి పాడుతున్నారు?”

“రెండున్నర.”

“ఆయన జన్మలో రెండు దాటలేదండీ.”

“నా దాంట్లో దాటారు.”

“మీ దాంట్లో మోటారు దాటింది.”

దాటుతుంది. టేపు నూటికి ఆరు వంతులు ఎక్కువ వేగంతో నడిస్తే స్వరం సరిగ్గా అర మెట్టు పైకి జరుగుతుంది; రెండు శ్రుతి గాయకుడు రెండున్నర అవుతాడు, నలభై అయిదు నిమిషాల కచేరీ నలభై రెండున్నరలో ముగుస్తుంది, గొంతు కాస్త కుర్రదవుతుంది. చాలామంది విద్వాంసుల ‘యవ్వనకాలపు రికార్డింగులు’ ఈ విధంగా పుట్టినవే. లక్క ప్లేట్లలో అయితే అన్నీ కచ్చితంగా 78 మీద కోసినవి కావు గనక గొడవ ఇంకా పాతది. ఈ చర్చలోకి కొత్తగా వచ్చిన మూడో మనిషి “నా దగ్గరున్నది మూడున్నర శ్రుతి” అన్నాడంటే అంతటితో సభ ముగిసినట్టే. హార్మోనియం మీద మూడుకూ నాలుక్కూ మధ్య నల్ల మెట్టే లేదు. ఆ శ్రుతి పాడిన విద్వాంసుడు ఇంతవరకు పుట్టలేదు. అతని క్యాసెట్టు మాత్రం ఉంది.

అసలు వేగం ఎంతో ఎలా తెలుస్తుంది? కరెంటును అడగాలి. మన కరెంటు సెకనుకు యాభైసార్లు కొట్టుకుంటుంది. ఆ హుంకారం పాత రికార్డింగుల అడుగున సన్నగా ఉంటుంది. కాపీలో అది యాభై మూడు దగ్గర పలికితే టేపు ఆరు శాతం తొందరపడుతోందని తేలిపోయినట్టే. ఇప్పుడు కంప్యూటరు తెర మీద గీత చూసి చెప్పేస్తున్నారు. ముందు తరంలో చెవితో పట్టినవాళ్ళున్నారు. ఒకటి శ్రుతి గాయకుడికి ఈ హుంకారం పంచమానికి ఒక పిసరు ఎక్కువలో పలుకుతుంది. తంబూరా ఎంత జాగ్రత్తగా శ్రుతి చేసినా వెనక కరెంటు పంచమం పక్కవాటుగా నిలబడే ఉంటుంది. గిట్టనివాళ్ళు దాన్ని గాయకుడికి అంటగడతారు.

ఈ ప్రమాణానికీ దోషం లేకపోలేదు. ఒకప్పుడు మన కరెంటుకే స్థిరత్వం ఉండేది కాదు, వేసవి సాయంత్రాల్లో నలభై తొమ్మిది కిందికి కూడా జారేది. శ్రుతిపెట్టె తనే అపశ్రుతి పలికితే గాయకుణ్ణి ఎలా తప్పుపట్టేది? పైగా ప్రతి కాపీ తన హుంకారం తాను కలుపుతుంది. అమెరికాలో కరెంటు అరవైసార్లు కొట్టుకుంటుంది. యాభై మీద అరవై కూడా వినిపించే కాపీ ఉంటే, అది ఒకసారి సూట్‌కేసులో సముద్రం దాటి, అక్కడ పిల్లల్ని పెట్టి, తిరిగి వచ్చిందన్నమాట. ‘అల్లుడుగారి కాపీ’ అని దానికి పేరు. యాభైకి ముందు అరవై చేరిందా, తర్వాతా అన్నది నిర్ణయించగలిగినవాడు ఈ శాస్త్రంలో ఘనాపాఠి.

ఇంతా చేసి, శుభ్రంగా వినిపించాలంటే చివరికి చిన్న స్క్రూడ్రైవరు కావాలి. క్యాసెట్టు మూత పక్కన సన్నటి రంధ్రం, లోపల టేపును తాకే హెడ్డు, దాని పక్కన స్ప్రింగు మీద నిలబడ్డ మర. ఎవరి యంత్రంలో హెడ్డు ఎంత వాలి ఉందో అంత వాలుతోనే టేపు మీద శబ్దం ఎక్కుతుంది. వేరే యంత్రంలో ఆ వాలు కుదరకపోతే పై శబ్దాలన్నీ దుప్పటి కప్పుకుంటాయి. ఇద్దరు పెద్దమనుషులు, ఒకాయన రిటైరైన బ్యాంకు మేనేజరు, ఒకాయన కాలేజీ లెక్చరరు, కళ్ళజోళ్ళు నెత్తిమీదికి తోసుకుని ఆ రంధ్రం మీదికి వంగుతారు.

“ఇంకాస్త కుడికి తిప్పండి మాస్టారూ.”

“తిప్పితే చాపు పోతుందండీ.”

“చాపు పోవట్లేదు, మీ చెవి పోతోంది.”

పావు తిప్పు. తంబూరా జీవ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అప్పటివరకు జరిగిన రెండున్నర శ్రుతి వాదం ఇద్దరికీ గుర్తుండదు. లోపలి నుంచి టిఫిన్‌కు రెండోసారి పిలుపు వస్తుంది. అదీ వినిపించదు.

శంక: అంత శుభ్రం దేనికి? కంప్యూటరుతో బుసబుసంతా కడిగేస్తే సరిపోదా?

సమాధానం: కడగచ్చు. కడిగేవాడు తొందరపడితే బుసబుసతో పాటు తంబూరా పోతుంది, గొంతు చివర గాలి పోతుంది, హాలు పోతుంది. గాయకుడు సీసాలో కూర్చుని పాడినట్టుంటుంది. ఇంకో సంగతి: ఆ రికార్డింగుతో పాతికేళ్ళు కాపురం చేసినవాడికి, అనుపల్లవి ముందు వచ్చే దగ్గు కూడా ఆ కృతిలో ఒక సంగతే. వేరే కచేరీలో అదే కృతి విన్నప్పుడు అక్కడ దగ్గు రాకపోతే అతనికి తాళం తప్పినట్టు ఉంటుంది. ఇది వెర్రి అని వ్యాఖ్యాత అభిప్రాయం. అయితే ఈ వెర్రివాళ్ళే శుభ్రమైన కాపీ కోసం ఊళ్ళు తిరిగేది కూడా.

పాఠాంతరం మాట ఒకటి మిగిలింది. ఆభేరిలో ‘నగుమోము’ రికార్డింగు ఎవరైనా పెడితే, ముందు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ పేరు వస్తుంది, వెంటనే ధైవతం వస్తుంది. చతుశ్శ్రుతి ధైవతమా, శుద్ధ ధైవతమా? ఈ ప్రశ్న మీద గంట గడిస్తే కృతి విన్నట్టు కాదు, ధైవతం విన్నట్టు. దీని మీద ఇంతకంటే రాస్తే ఇంకో సంచిక కావాలి.

చతుర్థ వాక్యము: ఎవరికీ ఇవ్వకండి

ఇది నిషేధం. శాస్త్రంలో నిషేధం బలమైనది. కానీ లోకంలో ఈ నిషేధాన్ని పాటించినవాడు ఇంతవరకు లేడు. పాటించి ఉంటే ఈ వాక్యం పలికే సందర్భమే వచ్చేది కాదు; ఎందుకంటే ఇచ్చేవాడికి ఆ క్యాసెట్టు ఇచ్చినాయన కూడా “ఎవరికీ ఇవ్వకండి” అనే ఇచ్చాడు. ఆయనకు ఇచ్చినాయనా అంతే. కాబట్టి దీన్ని లక్షణావృత్తిలో గ్రహించాలి: ఎవరికీ ఇవ్వకండి = ఇచ్చేటప్పుడు నా పేరు చెప్పండి. ఫలానావాడికి మాత్రం ఇవ్వకండి అని ఇంకో అర్థం. ఆ ఫలానావాడు ఎవరో ఇద్దరికీ తెలుసు.

వోలేటి విషయమే తీసుకుంటే ఈ వాక్యం విలువ తెలుస్తుంది. రాజోలులో పుట్టి, విజయవాడ రేడియోలో ఉద్యోగం చేసి, ‘సంగీత శిక్షణ’లో శ్రోతలకు కృతులు నేర్పి, 1989లో వెళ్ళిపోయిన మనిషి. అంగడిలో దొరికిన ఆయన రికార్డులు ఆయన స్థాయికి చాలా తక్కువ. మదరాసు కంపెనీలు ఆయన వెంట పడలేదు, ఆయనా వాటి వెంట పడలేదు. రేడియో కేంద్రాల్లో టేపు ఖరీదైన సరుకు. ఒకసారి ప్రసారమైనదాన్ని తుడిచి ఇంకో కార్యక్రమానికి వాడటం మామూలే. మరి ఇవాళ ఆయన్ని వినని ముప్పై ఏళ్ళ కుర్రవాడు ఆయన మోహన గురించి గంటసేపు ఎలా మాట్లాడగలుగుతున్నాడు? ఎవరో ఒకాయన రేడియో ముందు టూ-ఇన్-వన్ పెట్టుకుని మీట నొక్కాడు. పిల్లలు ఆ క్యాసెట్టు మీద సినిమా పాటలు ఎక్కించకుండా వెనక ఉన్న రెండు చిన్న పలకలు విరిచేశాడు. ఎవరికీ ఇవ్వనని ఒట్టేసినవాళ్ళకు ఇచ్చాడు. వాళ్ళు ఒట్టు తప్పారు. మంచి పని చేశారు. ఒట్టు నిలబెట్టుకున్న సత్యసంధుల క్యాసెట్లు వాళ్ళతో పాటే అటకెక్కి, ఉప్పుగాలికి బూజుపట్టి, ఆఖరికి పాత సామాన్లవాడి తక్కెట్లోకి చేరాయి. ఆ క్యాసెట్లలో ఏముందో ఇక ఎవరూ చెప్పలేరు.

శంక: పాడినవారి అనుమతి లేకుండా ఇలా పంచుకోవడం చౌర్యం కాదా?

సమాధానం: కొంత అవును. విడుదలైన రికార్డుకు మన కాపీరైటు చట్టం 60 ఏళ్ళ రక్షణ ఇస్తుంది. 1994 సవరణతో తమ కచేరీ రికార్డింగు మీద పాడినవారికీ హక్కు వచ్చింది. కచేరీలో మైకు ముందు యంత్రం పెడితే ఆపేయమన్న విద్వాంసులున్నారు, వాళ్ళ బాధ న్యాయమైనదే. ఆ రోజు గొంతు బాగుండకపోవచ్చు. బాగుండని రోజే క్యాసెట్టులో నలభై ఏళ్ళు బతకవచ్చు. బజారులో దొరికే రికార్డును కాపీ చేసి పంచడాన్ని ఈ వర్గంలోని పెద్దలే నీచంగా చూస్తారు. అమ్ముకునేవాణ్ణి అసలు గడప ఎక్కనివ్వరు. మిగిలినదానికి సమాధానం చెప్పాలంటే పై పేరా మళ్ళీ చదవాల్సి వస్తుంది.

మరో ప్రయోజనం కూడా ఉంది. వరాళి రాగం గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చోబెట్టి చెబితే ఇద్దరికీ చెడుతుందని ఒక నమ్మకం. ఘనరాగ పంచరత్నాల్లో నాలుగోది వరాళి. అది రాకుండా ఆరాధనలో కూర్చోవడం ఎలా? పూర్వం పక్కగదిలో కూర్చుని విని నేర్చుకునేవాళ్ళట. ఇప్పుడు గురువే క్యాసెట్టు ఇచ్చి, “ఇది విను” అని లోపలికి వెళ్ళిపోతాడు. చెడితే క్యాసెట్టుతో చెడుతుంది.

ప్రక్షిప్తము

కొన్ని ప్రతుల్లో చివర ఇంకో వాక్యం కనిపిస్తుంది: “ఖాళీ క్యాసెట్టు ఒకటి తెచ్చివ్వండి, నేనే ఎక్కించి ఇస్తాను.” గోదావరి జిల్లాల ప్రతుల్లో ఇది ఉంది; హైదరాబాదు ప్రతుల్లో లేదు. శైలి చూస్తే మూలకర్తదే అనిపిస్తుంది గానీ అర్థం చూస్తే పై వాక్యాలకు విరుద్ధం. ‘ఇది వినండి’ అంటూ చేతిలో పెట్టినవాడు, మళ్ళీ ఖాళీది తెమ్మనడం ఏమిటి? చేతిలో పెట్టింది చూపించడానికేననీ, ఇవ్వడానికి కాదనీ ఒక వాదం. అది సమంజసంగానే ఉంది. తల్లి ప్రతి ఇల్లు దాటకూడదు. ఖాళీది ఫలానా కంపెనీదే కావాలి, తొంభై నిమిషాలదే కావాలి, అరవైది తెస్తే పల్లవి పట్టదు. ఎక్కించడానికి కచేరీ ఎంతసేపో అంతసేపూ పడుతుంది. అందుకని వారం తర్వాత రమ్మంటారు. వారం తర్వాత వెళితే ఇంకా ఎక్కించలేదంటారు. కూర్చోమంటారు. కాఫీ వస్తుంది. ఎలాగూ వచ్చారు గనక ఈలోపు ఇంకొకటి వినమంటారు. కొత్త ప్రతుల్లో ‘ఖాళీ క్యాసెట్టు’కు బదులు ‘పెన్‌డ్రైవు’ అని ఉంది. దాన్లోకి ఎక్కించడానికి రెండు నిమిషాలు చాలు. అయినా వారం తర్వాతే రమ్మంటున్నారు.